రాళ్లు పోయిన చోట: చెలకల్లో మాయమైన రాకాసి గుళ్ల ఆనవాళ్లు

తెలంగాణలో దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా ఎర్ర చెలకల (ఎర్రమట్టి మెట్ట చేల) ఊళ్లలో పెద్దమనుషులను రాకాసి గుళ్లు, అంటే ఎప్పటివో పాత రాతి సమాధులు, ఎక్కడుండేవని అడిగితే, చెయ్యి ఏ వరి మడి వైపో, ఏ బత్తాయి తోట వైపో లేస్తుంది. చూపించిన చోటికి పోతే కుప్ప లేదు, వలయం లేదు. మహా అయితే గెట్టు మీద పక్కకు ఒరిగిన గుండు ఒకటి, కంచె పొడుగునా కొన్ని కడీలు (పాతిన రాతి స్తంభాలు). పోయింది కదా అని అక్కడి నుంచే వెనక్కి మళ్లడం మామూలుగా జరిగే పొరపాటు. పోయింది సమాధి నెత్తిన ఉన్న రాళ్ల కుప్ప మాత్రమే. అసలు సమాధి నేలకింద గుంతలో ఉంటుంది. పైరాళ్లను ట్రాలీకెత్తినవాళ్లలో చాలామంది ఆ గుంత దాకా పోనే పోరు, వాళ్లకు కావలసింది రాయి, చదును నేల. అంతే.

అందుకని మాయమైన సమాధి గురించి అడగాల్సింది అది ఉందా లేదా అని కాదు. ఎంత లోతు దాకా పోయింది, ఏ పనికోసం పోయింది అని. ఈ రెండూ తెలిస్తే కింద ఏం మిగిలి ఉంటుందో చాలావరకు లెక్క కట్టొచ్చు.

ఎట్లా కట్టారు

పురావస్తు శాస్త్రం వీటిని బృహత్‌శిలా సమాధులంటుంది. సుమారు క్రీ.పూ. 1000 నుంచి క్రీ.శ. తొలి శతాబ్దాల దాకా, ఇనుము వాడకం తెలిసిన జనం కట్టుకున్నవి. ఊళ్లలో రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు అంటారు. అంత బరువు బండలు మామూలు మనుషులు ఎత్తలేరన్న లెక్కతో పుట్టిన పేర్లివి.

మనిషి నడుము నుంచి తలెత్తు దాకా, ఒక్కోచోట ఇంకా లోతుగా, మొరంలోకి గుంత తవ్వుతారు. దాని అడుగున ఒక బండ పరిచి, చుట్టూ నాలుగు నిలువు బండలు నిలబెడతారు. వీటిని పెట్టె మూలల్లాగా అంచుకు అంచు కలపరు. ఒక్కో బండ ఒక కొస పక్కబండను దాటి బయటికి పొడుచుకొస్తుంది, పైనుంచి చూస్తే స్వస్తికం ఆకారం. ఇది అందం కోసం కాదు. బయటి మట్టి లోపలికి నెట్టినకొద్దీ ఒక్కో బండ పక్కదాని అంచుకు ఆనుకుని ఇంకా బిగుసుకుంటుంది. సున్నం లేదు, చీల లేదు, మట్టి బరువే బిగింపు. కొన్నింటిలో తూర్పు బండకు గుండ్రటి కంత ఉంటుంది. లోపల కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు, కొన్నిచోట్ల కాళ్లున్న మట్టి తొట్టెలు పెడతారు. ఎముకలు చాలాసార్లు పూర్తి అస్థిపంజరంగా ఉండవు. శవం శిథిలమయ్యాక ఏరి తెచ్చినవే ఎక్కువ. ఆ పైన కప్పుబండ, దానిమీద రాళ్లూ మట్టీ కలిపిన కుప్ప, కుప్ప జారకుండా చుట్టూ పెద్ద గుండ్ల వలయం.

కప్పుబండ బరువు ఎంతుంటుందో చూడాలంటే 2.5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల మందం అనుకుంటే చాలు. ఘనపరిమాణం 1.25 ఘనమీటర్లు, గ్రానైట్ లెక్కన 3.3 టన్నులు. ఇట్లాంటి బండ ఇక్కడ దొరకడం కష్టమేం కాదు. ఈ ప్రాంతపు పరుపు బండ పొరలు పొరలుగా లేస్తుంది. పైన మంట పెట్టి పొర లేపడం రాతి పనివాళ్లకు తరతరాలుగా తెలిసిన విద్య. అందుకే సమాధుల గుంపు దొరికితే పక్కనున్న పరుపు బండను కూడా చూడాలి. సగం లేచి వదిలేసిన పొర ఒక్కోసారి అక్కడే ఉంటుంది.

పద్నాలుగు ట్రిప్పుల పని

10 మీటర్ల అడ్డంతో, నడుమ మీటరు ఎత్తుతో ఉన్న కుప్పను తీసుకుంటే అందులో మొత్తం 40 ఘనమీటర్ల రాయీ మట్టీ ఉంటాయి. ఘనపుటడుగుల్లో సుమారు 1,400. ట్రాక్టర్ ట్రాలీ ఒక ట్రిప్పుకు నూరు ఘనపుటడుగులు అనుకుంటే 14 ట్రిప్పులు. జేసీబీ ఉంటే ఒక్క రోజు పని. రెండు వేల ఏళ్లకు పైగా కదలని కుప్ప పొద్దుగూకేసరికి కంకరగా, రోడ్డు కింద పరుపుగా, చెరువు కట్టకు పేర్చే రివిట్‌మెంటు రాయిగా మారిపోతుంది.

దీనివల్ల పట్టాదారుకు కలిసొచ్చే నేలెంత? 10 మీటర్ల వలయం అంటే 78.5 చదరపు మీటర్లు. ఒక గుంట 101 చదరపు మీటర్లు. అంటే గుంటలో ముప్పావు చొప్పున మిగులు. ఒక్క సమాధికి ఇది చిన్నమాటే. కానీ ఇవి ఒంటరిగా ఉండడం తక్కువ. పదీ ఇరవై గుంపుగా ఉంటే మధ్య ఖాళీలతో కలిపి అర ఎకరం, ఎకరం అవుతుంది. అప్పుడు ట్రాక్టర్ తిరగడానికి అడ్డం, డ్రిప్ పైపు వేయడానికి అడ్డం. రైతు లెక్కలో తప్పేమీ లేదు. ఆ కుప్ప ఏమిటో అతనికి ఎవరూ కాగితం మీద చెప్పలేదు, అదే లోపం.

నిలువురాళ్లతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. నారాయణపేట జిల్లా కృష్ణా తీరంలోని ముడుమాల్‌లో 10 నుంచి 14 అడుగుల నిలువురాళ్లు 80 వరకు ఇంకా నిలిచే ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి. అక్కడ ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. నిలబడ్డ రాయి దేవతవుతుంది, బొట్టు పెడతారు, దాన్ని ట్రాలీలో వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. కూలబడ్డ కుప్పకు ఆ భాగ్యం లేదు. పైగా దాని పేరులోనే రాకాసి ఉంది.

నీళ్లకింద పోయినవి ఇంకో కథ. నల్లగొండ వైపు కృష్ణ ఒడ్డునున్న ఏలేశ్వరాన్ని నాగార్జునసాగర్ ముంపుకు ముందు, 1960ల మొదట్లో అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో తవ్వారు. అక్కడి బృహత్‌శిలా సమాధులు అట్లా కనీసం రాతలోకి ఎక్కాయి. ఎదురొడ్డున నాగార్జునకొండ లోయలోనూ తవ్వకాలు జరిగాయి. ప్రాజెక్టు ముంపుకు కనీసం గడువు తేదీ ఉంటుంది. జేసీబీకి ఉండదు.

ఏ పని ఎంత లోతు తింటుంది

చెలకను చదును చేసి వరి మడి కట్టడం అన్నిటికంటే ప్రమాదం. లెక్క సులువు. నేల వాలు 2 శాతం, మడి పొడవు 50 మీటర్లు అయితే రెండు కొసల మధ్య ఎత్తు తేడా మీటరు. పైసగంలో తవ్వి కింద సగంలో పోస్తారు కాబట్టి ఎగువ కొసన అర మీటరు కోత, దిగువ కొసన అర మీటరు పూడిక. సమాధి ఎగువ సగంలో పడితే కప్పుబండ బయటపడొచ్చు, బయటపడితే పగులుతుంది. దిగువ సగంలో పడితే దానిమీద ఇంకో దుప్పటి కప్పినట్టే. ఒకే మడిలో ఒకటి నాశనం, ఇంకోటి భద్రం. అందుకే కట్టలు వేసిన నేలలో వెతికేటప్పుడు పాత వాలు ఎటు ఉండేదో ముందు తేల్చుకోవాలి.

బత్తాయి తోట దీనికంటే చాలా నయం, ఇది వినడానికి వింతగా ఉన్నా. 8 మీటర్ల ఎడంతో మొక్కలు, మొక్కకు మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత అనుకుంటే 64 చదరపు మీటర్లకు ఒక గుంత. లోపలి బండల పెట్టె 2 మీటర్లు, 1.5 మీటర్లు ఉంటే ఏదో ఒక గుంత దాన్ని తాకే అవకాశం ఎనిమిదింట ఒకటి. మిగతా ఏడింట పెట్టె ముట్టుకోకుండా చెట్ల మధ్యే ఉండిపోతుంది. ఎడం తగ్గించి 6 మీటర్లు చేస్తే ఈ అవకాశం ఐదింట ఒకటి అవుతుంది. వేళ్లు తర్వాత్తర్వాత బండల సందుల్లోకి దూరి కుండలను పగలగొడతాయి, అది వేరే మాట.

మామూలు కల్టివేటర్ అరడుగు మించి పోదు. పెద్ద నాగలి వేసినా అడుగు. కప్పుబండ రెండడుగుల కింద ఉంటే ఏళ్ల తరబడి దున్నినా దానికి తగలదు, పెంకులు మాత్రం పైకి వస్తుంటాయి. ఇక గుప్తనిధుల తవ్వకం అన్నిటికన్నా నీచం. అది సరిగ్గా నడిబొడ్డున, కప్పుబండ పగలగొట్టి నేరుగా అడుగుకు పోతుంది. వీటిలో బంగారం దొరకడం చాలా అరుదు, దొరికేది కుండలు, తుప్పు పట్టిన ఇనుము. తవ్వినవాడికి అవి చెత్త. పక్కన పారేసిన ఆ పెంకులే చివరికి స్థలాన్ని పట్టిస్తాయి.

నేల మీద చూడాల్సినవి

పొలంలో ఏరిన రాళ్ల కుప్పకూ సమాధి కుప్పకూ తేడా పట్టడం మొదటి పని. ఏరిన కుప్ప గెట్టు వెంట ఉంటుంది, రాళ్లు పిడికిలి నుంచి తలకాయంత, మధ్యలో మట్టి ఉండదు, చెయ్యి పెడితే కదులుతాయి. సమాధి కుప్పలో రాళ్ల మధ్య మట్టి కూరి ఉంటుంది, దానిమీద సీతాఫలం, బలుసు పొదలు వేళ్లూని ఉంటాయి. అంచుల్లో పెద్ద గుండ్లు నేలలోకి సగం దిగి వరుస కడతాయి. ఆ వరుస పోయినా నాలుగైదు గుండ్లు తీయలేక వదిలేయడం మామూలే.

మిగిలిన ఆ మూడు నాలుగు గుండ్లతోనే వలయం మొత్తం తిరిగి గీయొచ్చు. రెండు దూరపు గుండ్ల బయటి అంచుల మధ్య తాడు లాగి పొడవు కొలవాలి. తాడు నడిమధ్య నుంచి, ఆ రెంటికీ సరిగ్గా నడుమ పడే గుండు బయటి అంచు దాకా లంబంగా ఎంత ఎడం ఉందో కొలవాలి. తాడు పొడవు వర్గాన్ని ఆ ఎడంకు ఎనిమిది రెట్లతో భాగించి, దానికి ఎడంలో సగం కలిపితే వ్యాసార్ధం. తాడు 6 మీటర్లు, ఎడం 1 మీటరు అయితే 36ను 8తో భాగించి 4.5, దానికి 0.5 కలిపితే 5. వలయం అడ్డం 10 మీటర్లు.

ఇక్కడే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. ఎడం 20 సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే జవాబు 8.7 నుంచి 12 మీటర్ల దాకా ఊగుతుంది. గుండు మందం మీటరు ఉండే చోట, ఒకదానికి బయటి అంచు ఇంకోదానికి నడిమధ్య కొలిస్తే ఆ 20 సెంటీమీటర్లు పోవడం ఎంతసేపు. మూడింటికీ బయటి అంచే పట్టాలి. గుండ్లు నాలుగుంటే మూడు మూడుగా మార్చి రెండు మూడుసార్లు లెక్క వేసి చూడాలి. జవాబులు కలవకపోతే వాటిలో ఏదో ఒకటి కదిలిన గుండు, దాన్ని పక్కన పెట్టాలి.

ఒక్క గుండూ లేకపోతే పైరు చెబుతుంది. వానలు మొగం చాటేసిన పదిహేను ఇరవై రోజులకు పత్తిలోనో జొన్నలోనో చూడాలి. చుట్టూ పచ్చగా ఉండి నడుమ ఒక మంచమంత మేర ముందే వాడిపోతే కింద లోతు లేదు, బండ అడ్డం ఉంది, అంటే కప్పుబండ ఇంకా ఉండొచ్చు. అదే చోట చుట్టుపక్కలకంటే ఏపుగా ఉంటే గుంతలో మెత్తటి పూడిక తేమ పట్టి ఉంది, అంటే బండ తీసేసి ఎవరో ముందే కెలికారేమో. రెండూ అనుమానాలే. పాత పెంటకుప్ప చోటు, గొర్ల మంద పడుకున్న చోటు, పూడ్చిన బాయి, కారే డ్రిప్ పైపు, ఇవన్నీ పచ్చమచ్చ చూపిస్తాయి. చెరువు మట్టి తోలిన నేలలో రంగు తేడాలన్నీ చెరిగిపోతాయి, అక్కడ ఈ పద్ధతి పనికిరాదు. పెంకుల విషయంలోనూ అదే జాగ్రత్త. నలుపూ ఎరుపూ కలిసిన పెంకు, లోపల నల్లగా బయట ఎర్రగా ఉన్నది, గట్టి సాక్ష్యమే. కానీ చెరువు మట్టితో పాటు ఎక్కడి నుంచో వచ్చి పడిందేమో రైతును అడిగి తేల్చుకోవాలి.

కాగితాల్లో

పాత సర్వే రికార్డులో సమాధి అని రాసి ఉండదు. అయినా టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) చూడటం వృథా కాదు. సర్వే నంబరు లోపల సాగుకు పనికిరాని భాగాన్ని పోట్ ఖరాబు అని రాస్తారు. రాతి నేల కాని చెలకలో నాలుగైదు గుంటల పోట్ ఖరాబు కనిపిస్తే ఎందుకని అడగాలి. అట్లాగే గెట్టు తిన్నగా పోకుండా కారణం లేకుండా వంగిన చోటు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు కుప్పను తప్పించి గీత గీసుకుని ఉంటారు, కుప్ప పోయినా వంపు ఉంటుంది.

1960 నుంచి 1972 మధ్య అమెరికా కరోనా ఉపగ్రహాలు తీసిన ఫొటోలు 1995లో బయటపెట్టారు. వాటి మీద ఆశ మరీ ఎక్కువ పెట్టుకోవద్దు. అన్నిటికంటే స్పష్టమైనవాటిలో కూడా ఒక చుక్క నేలమీద రెండు మీటర్లకు దగ్గర. 10 మీటర్ల వలయం ఐదు చుక్కలు. అందులో వలయం చూశానన్నవాళ్లు చాలాసార్లు చూడదలచుకున్నది చూస్తారు. అప్పట్లో ఆ నేల సాగులో ఉందా, రాళ్ల బీడుగా ఉందా అన్నంతవరకే అవి నమ్మకంగా చెబుతాయి, అదీ తక్కువేం కాదు. గూగుల్ ఎర్త్‌లో గత పదిహేను ఇరవై ఏళ్ల చిత్రాలు వెనక్కి జరిపి చూస్తే కుప్ప ఏ ఏళ్ల మధ్య పోయిందో పట్టుకోవచ్చు. ఎండాకాలం చిత్రాలే చూడాలి, పైరున్నప్పుడు ఏమీ కనపడదు.

తవ్వకుండా లోపల చూసే పద్ధతులూ ఉన్నాయి. బోరు పాయింటు చూసేవాళ్లు నేలలో కరెంటు పంపి నిరోధం కొలుస్తారు కదా, అదే సూత్రం. వాళ్లు ఊచలను పదుల మీటర్ల దూరం జరుపుతారు, ఇక్కడ అర మీటరు, మీటరు ఎడంతో దగ్గర దగ్గరగా గుచ్చాలి. బోరు కోసం తీసిన రీడింగులు తెచ్చి సమాధి వెతికితే దొరకదు, ఆ ఎడంలో రెండు మీటర్ల పెట్టె జారిపోతుంది. నేల అయస్కాంతత్వంలో తేడాలు కొలిచే పద్ధతి ఈ ప్రాంతంలో మోసం చేస్తుంది. గ్రానైట్‌లో అడ్డంగా నడిచే నల్లరాతి డైకులు (గోడల్లాంటి రాతి పట్టీలు) చాలా ఉన్నాయి, అవి ఇనుప వస్తువులకంటే పెద్ద గీతలు చూపిస్తాయి.

నమోదు

ఫోన్‌లో వచ్చే అక్షాంశ రేఖాంశాల్లో బయలు మీద కూడా మూడు నుంచి ఐదు మీటర్ల తేడా ఉంటుంది. వలయం నడుమ ఐదు నిమిషాలు నిలబడి రెండు మూడుసార్లు తీసుకుని సగటు రాయాలి. సర్వే నంబరు, సబ్ డివిజన్‌తో సహా, తప్పనిసరి. అది లేకుండా ఫొటో పంపితే ఏ ఆఫీసులోనూ ఫైలు కదలదు. ఉత్తర దక్షిణాలుగా ఒకటి, తూర్పు పడమరలుగా ఒకటి రెండు కొలతలు, గ్రాఫ్ కాగితం మీద మీటరుకు సెంటీమీటరు చొప్పున పటం, ప్రతి గుండుకూ నంబరు. ఫొటోలో మీటరు కట్టె కనిపించాలి, పక్కన చెప్పు పెట్టి తీసిన ఫొటో ఎవరికీ పనికిరాదు.

పెంకులు ఏరుకుని ఇంటికి తేవొద్దు. ఇనుప ముక్క కనిపిస్తే కడగొద్దు. మట్టి పొర తీసేస్తే గాలికి తేమకు తుప్పు ఊపందుకుని పొరలుగా ఊడిపోతుంది, కొద్దికాలానికే ముట్టుకుంటే పొడి. కుండ గుంతలో కనిపించినా పట్టి లాగొద్దు. వేల ఏళ్లు తేమలో నానిన కుండ మెత్తగా ఉంటుంది, గాలికి ఆరాకే గట్టిపడుతుంది. లోపలి మట్టి కుండకంటే విలువైనది, ధాన్యపు ఆనవాళ్లు అందులోనే చిక్కుకుని ఉంటాయి. ఎముకలు ఎర్రచెలకలో నిలవడం కష్టం, నీళ్లు ఇట్టే దిగిపోయే పులుపు (ఆమ్ల) నేల. అందుకని ఎముకలు దొరకలేదంటే సమాధి కాదని తీర్పు చెప్పడానికి వీల్లేదు.

చట్టం సంగతి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువగల ఏ వస్తువు దొరికినా కలెక్టరుకు తెలపాలి. ఆ పది రూపాయలు ఆనాటివే, ఇప్పటికీ అంతే. రాష్ట్రంలో 2017 నుంచి తెలంగాణ హెరిటేజ్ చట్టం అమల్లో ఉంది. అయితే రక్షిత కట్టడాల జాబితాలో లేని కుప్పను కాపాడటానికి చట్టం ఒక్కటే చాలదు. ఈ జిల్లాల్లోని సమాధుల్లో ఎక్కువ భాగం ఏ జాబితాలోనూ లేవు.

ఇంకొక చోటు వెతకాలి, అది ఊళ్లోనే ఉంటుంది. పశువుల కొట్టం మెట్టు, బాయి దగ్గర బట్టలుతికే బండ, కంచె కడీలు. కొత్త కడీని క్వారీలో చీలలు కొట్టి చీలుస్తారు కాబట్టి అంచు వెంట వరుసగా చీల గుంతలు ఉంటాయి, అంచు తిన్నగా ఉంటుంది. పాత కప్పుబండ అంచును చుట్టూ సుత్తితో నలగగొట్టి సరిచేశారు, అక్కడ చీల గుంతలు ఉండవు, అంచు వంపు తిరిగి పెచ్చులు లేచి ఉంటుంది. ఆ బండనే ఎవరో తర్వాత రెండు మూడు కడీలుగా చీల్చి ఉంటే ఒకే రాతికి రెండు అంచులూ కనిపిస్తాయి, ఒకవైపు చీల గుంతల వరుస, ఇంకోవైపు పెచ్చులు లేచిన పాత వంపు. అట్లాంటి కడీ దొరికితే ఫొటో తీసి, కొలతలు రాసుకుని, ఇది ఏ చెలక నుంచి వచ్చిందని ఇంటివాళ్లను అడగాలి. తెచ్చినవాళ్లు ఉంటే సర్వే నంబరు కాకపోయినా పొలం పేరు చెబుతారు.